రాక్షసి ఎందుకు అరిచేది

మోండా మార్కెట్ వెనక సందులో అప్పలలక్ష్మి బడిపిల్లలకు నాటకాల దుస్తులు అద్దెకిస్తుంది. విజయనగరం వైపు నుంచి పెళ్ళయి వచ్చి ఇరవై రెండేళ్ళు. కుట్టేదీ ఆమే, ఉతికేదీ ఆమే. డిసెంబరు వస్తే రాజు, రాణి, దేవకన్యల దుస్తులు ఒక్కటీ మిగలవు. రాక్షసి నల్లగౌను మాత్రం మేకుకు వేలాడుతూనే ఉంటుంది.

పోయిన డిసెంబరులో కార్ఖానా పేట నుంచి శ్రీలలిత అనే ఆవిడ తొమ్మిదేళ్ళ కూతురు యోగితను వెంటబెట్టుకొచ్చి ఆ గౌనే అడిగింది. పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. క్లాసులో అందరికంటే గొంతు పెద్దదని టీచరు నవత ఆ వేషం ఇచ్చిందట. అప్పటి నుంచి తోటిపిల్లలు రాక్షసీ అనే పిలుస్తున్నారట.

అప్పలలక్ష్మికి తండ్రి నూకయ్య గుర్తొచ్చాడు. ఊరి నాటకాల్లో ఆయనవి ఎప్పుడూ రాక్షస వేషాలే. ఉప్పు కొనడానికి వెళ్ళినా పిల్లలు తలుపుచాటుకు పోయేవారు. ఇంటికొచ్చాక ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు.

గౌను పొడవు సరిచేయడానికి యోగితను నిలబెట్టి, గుండుసూదులు గుచ్చుతూ, "ఆ రాక్షసి ఎందుకరిసేదో తెలుసేటమ్మా?" అని అడిగింది. తెలియదంది పిల్ల. అడవిలో దాని కూతురు తప్పిపోయిందనీ, కనిపించిన వాళ్ళనల్లా చూశారా అని అడిగేదనీ, గొంతు పెద్దది కావడంతో గర్జన అనుకుని అందరూ పారిపోయేవారనీ చెప్పింది. అడిగి అడిగి విసిగిపోయాకే మనుషుల్ని పట్టుకోవడం మొదలుపెట్టిందట. అంతా అప్పటికప్పుడు అల్లిన కథే.

వార్షికోత్సవం నాడు యోగిత గర్జించాల్సిన చోట ఆగిపోయింది. రాజకుమారుడి వేషం వేసిన పిల్లాడి వైపు తిరిగి, "మా పాపను చూశావా?" అని మెల్లగా అడిగింది. నాటకంలో లేని మాట. వాడు తడబడి, "లేదండీ," అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ తర్వాత నేర్పినట్టే కత్తితో పొడిచాడు, యోగిత పడిపోయింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

గౌను తిరిగివ్వడానికి వచ్చి శ్రీలలిత ఇదంతా చెప్పింది. నవత కోప్పడిందట. పిల్లలు ఆ పేరుతో పిలవడం మానలేదు గానీ, యోగిత ఏడవడం మానేసిందట.

వారం తర్వాత నవతే నంబరు కనుక్కుని ఫోన్ చేసింది. "పిల్లలు రోజూ అడుగుతున్నరు ఆంటీ. ఆ రాక్షసి బిడ్డ దొరికిందా, లేదా?"

అప్పలలక్ష్మి కుట్టుమిషను ఆపింది.

"అంతవరకు నేనూ అనుకోలేదమ్మా. రేపు సెప్తాను," అంది.