ఊపిరి కొలత

కిందటేడు చిలకలగూడలోని మా ఇంట్లో పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ముత్తాత పటాలం కోటు బయటపడింది. ఆయన సిపాయి అని తప్ప మాకెవరికీ ఏమీ తెలియదు. ఫొటో కూడా లేదు. పాత మిలిటరీ దుస్తులు సేకరించే ఒకాయన దాన్ని కొనడానికి వస్తానన్నారు. ఛాతీ దగ్గర మరీ సంచిలా వేలాడుతోందని, కాస్త బిగుతు చేయిస్తే చూపుకి బాగుంటుందని నేనే అతితెలివితో రెజిమెంటల్ బజార్‌లోని ముసలి దర్జీ దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన కుట్టు విప్పబోయి ఆగిపోయారు. టేపు తీసి భుజాలు కొలిచారు, ఛాతీ రెండుసార్లు కొలిచారు. కత్తెర పక్కన పెట్టేశారు.

"మీ ముత్తాత మిలిటరీ బ్యాండ్‌ల బాజా ఊదేటోడా, బేటా?"

"తెల్వదు చాచా. ఎందుకట్ల అడుగుతున్నరు?"

"భుజాలు చూడు, సన్నగున్నయ్. ఛాతీ చూడు, ఎంతున్నదో! మా అబ్బాజాన్ గూడ బ్యాండోళ్లకు కోట్లు కుట్టేటోడు. కొలత తీసేటప్పుడు ఊపిరి నిండా పీల్చి నిలబడుమనేటోడు. లేకుంటే ఊదంగనే గుండీలు తెగిపోతయ్. గిది లూజు గాదు బేటా, ఆయన ఊపిరి."

ఆ మనిషి గురించి మాకు మిగిలిందల్లా ఆ ఒక్క ఊపిరే. దాన్నే నేను కోయించబోయాను!

కొంటానన్నాయనకు వద్దని ఫోన్ చేసి, ఇంటికెళ్లి కోటు మా నాన్నకు తొడిగాను.

"గట్టిగా ఊపిరి పీల్చు నాన్నా."

నాన్న కళ్లు మూసుకుని పీల్చారు. ఎంత పీల్చినా, కోటులో ఇంకా జాగా మిగిలే ఉంది.