ఒక్క ఫర్వా, ఇద్దరు మొండివాళ్లు

సౌదీలో చలి ఉంటుందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. ఎడారి అంటే ఏడాది పొడవునా కాలే పెనమే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒక్క స్వెట్టర్ కూడా లేకుండా విమానం ఎక్కినవాణ్ణే. కువైట్ సరిహద్దు పక్కనున్న ఖఫ్జీలో మొదటి చలికాలం నా పొగరు సగం అణచింది. మిగతా సగం బాతుల వేట అణచింది.

నేను అక్కడ ఒక ఇంట్లో డ్రైవర్‌ని. ఇంటి పెద్దాయన్ని అందరూ బాబా అంటారు, నేనూ అంతే. వయసులో ఉన్నప్పుడు గొప్ప వేటగాడట. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, ఛాతీలో నెమ్ము చేరితే ఆస్పత్రే గతి. అయినా ఉత్తరం నుంచి బాతులు దిగే రోజులు వచ్చాయంటే ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు. ఆ ఏడు పెద్దకొడుకు గట్టిగానే చెప్పేశాడు. ఈసారి జలుబు తెచ్చుకుంటే తుపాకి బీరువాలోకి వెళ్తుంది, మళ్లీ బయటికి రాదు అని. బాబా తుపాకి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ ముఖం చూస్తే నాకే జాలేసింది.

తర్వాత కొడుకు నావైపు తిరిగి, "నువ్వు చలికి ఆగగలవా?" అని అడిగాడు. ఆగలేనంటే ఇంకొకణ్ణి పంపుతాడు. "మాఫీ బర్ద్" అన్నాను, అసలు చలెక్కడుంది అన్నట్టు. అక్కడితో ఊరుకోవచ్చుగా! మా జగిత్యాల చలి ముందు ఇదొక చలా అని కూడా అన్నాను.

ఆ సంగతి ఫోన్‌లో చెబితే మా ఆవిడ పగలబడి నవ్వింది. "నువ్వా? ఇంటికాడ నీళ్లు కాగకుంటే తానమే చెయ్యవు గదా! నేను పంపిన మంకీ క్యాపు పెట్టుకపో. చలి సొచ్చేది చెవులల్లకెంచే."

తెల్లవారుజామున బయల్దేరాం. ఊరి బయట, శుద్ధి చేసిన నీళ్లు వదిలే మడుగు ఒకటుంది. చుట్టూ రెల్లు. అందులో నక్కి కూర్చున్నాక బాబా చేసిన మొదటి పని నా ఎర్ర మంకీ క్యాపు ఊడబెరకడం. "దీన్ని చూస్తే బాతులు కువైట్ నుంచే వెనక్కి తిరుగుతాయి" అన్నాడు. చలి నిజంగానే చెవుల్లోంచి దూరింది.

కారులోంచి తెచ్చిన ఫర్వా ఒకటే. లోపలంతా గొర్రె ఉన్ని, మెడ నుంచి మడమల దాకా వచ్చే బరువైన కోటు అది. బాబా దాన్ని నా ఒళ్లో పెట్టి "వేసుకో" అన్నాడు. పెద్దాయన అలా కూర్చుని ఉంటే నేను కప్పుకోవడమా? మా నాయన చూస్తే వీపు విమానం మోత మోగించేవాడు. తిరిగి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన మళ్లీ నాకిచ్చాడు. వెంట వచ్చినవాడు చలిలో ఉండగా తను కప్పుకోవడం వాళ్ల పద్ధతిలో తలవంపులట. "నాకు చలి లేదు" అన్నాడు. "నాకూ మాఫీ బర్ద్" అన్నాను. దాంతో ఫర్వా ఇద్దరి మధ్య ఇసుక మీద హాయిగా పడుకుంది. మేమిద్దరం చలిలో కూర్చున్నాం.

గాలి లేచింది. నా పళ్లు వాటంతటవే టకటకలాడడం మొదలుపెట్టాయి. ఎంత బిగించినా ఆగవు. పక్కకి చూస్తే బాబా గడ్డం కూడా అదే తాళంలో ఊగుతోంది. పెదాలు నల్లబడ్డాయి. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఈయనకు నెమ్ము చేస్తే తుపాకి పోతుంది. తుపాకి పోతే ఈ మనిషి ఇక దేనికోసం లేచి కూర్చుంటాడు? జగిత్యాల పరువు పక్కన పెట్టేశాను.

"బాబా, బర్ద్. చచ్చిపోతున్నా" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ముందే చెప్పొద్దూ, గాడిదా!" అంటూ ఫర్వా నా మీద వేశాడు. నేను దాని రెండో అంచు లాగి ఆయన మీద కప్పాను. ఈసారి వద్దనలేదు. ఇద్దరం అందులో ముడుచుకున్నాం. లోపల యాలకుల కాఫీ వాసన, గొర్రె వాసన కలిసి కొడుతున్నాయి. అంత సుఖం నేను ఏ పరుపు మీదా ఎరగను.

సరిగ్గా అప్పుడే దిగాయి బాతులు. గుంపుగా, రాయి విసిరితే తగిలేంత దగ్గర. తుపాకి పక్కనే ఉంది. అందుకోవాలంటే ఫర్వాలోంచి చెయ్యి బయటికి తియ్యాలి. బాబా నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. చెయ్యి మాత్రం ఎవరం తియ్యలేదు.

"పాపం, నీళ్లు తాగనీ" అన్నాడు బాబా గుసగుసగా. అది జాలి అంటే నేను ఒప్పుకోను.

ఇంటి గేటు దగ్గర కారు ఆగిందో లేదో బాబా తుమ్మాడు. పెద్దకొడుకు గబగబా వచ్చి తలుపు తీశాడు. "ఎవరు తుమ్మింది?"

బాబా తల పక్కకి తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం తుపాకి మీదే ఉంది, గట్టిగా పట్టుకుని.

"నేనే" అన్నాను.

"మరి బాతులేవి?"

"నా పళ్ల చప్పుడుకి ఎగిరిపోయాయి. చలికి ఆగలేకపోయాను."

"ఏమైంది మీ ఊరి చలి?" అని అతను నవ్వాడు. ఇల్లంతా నవ్వింది. ఆ రోజు నుంచి పిల్లలకు నేను 'బర్దాన్', అంటే చలికి వణికేవాణ్ణి. ఉక్రోషం రాలేదంటే అబద్ధం. బాబా కూడా వాళ్లతో కలిసి నవ్వుతుంటే ఇంకా ఒళ్లు మండింది.

మరుసటి వారం కారు తుడుస్తుంటే బాబా కర్ర ఊతంగా వచ్చాడు. తుపాకి భుజానే ఉంది. కొడుకు జాగ్రత్త కొద్దీ వెనక సీట్లో రెండు ఫర్వాలు పెట్టించాడు. బాబా వాటిని చూశాడు. ఒకటి తీసి గేటు మీద తగిలించి వచ్చి, నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఒకటి చాలు, పద" అన్నాడు.