మెకానిక్ బకూలి, కొండెక్కని టాక్సీ

కొండల మీద ఉన్న మా అంతననరివో నగరంలో కారు మొరాయిస్తే మెకానిక్కులు ముందు బానెట్ తెరుస్తారు. బకూలి మాత్రం డ్రైవరు నోరు తెరిపిస్తుంది. తండ్రి వదిలిపోయిన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా పాత టాక్సీలను బాగుచేస్తోంది. ఆ పక్కనే మోఫో గాసీ రొట్టెలు కాల్చే నాకు ఆమె విచారణలే పెద్ద కాలక్షేపం. నోటి దురుసు ఎక్కువే, పనితనం ఇంకా ఎక్కువ.

ఆ ఉదయం డ్రైవరు సులుఫు మొహం వేలాడేసుకుని టాక్సీ తెచ్చాడు. పది రోజులుగా అది కొండ సగం ఎక్కి ఆగిపోతోందట. ఇద్దరు మెకానిక్కులు కార్బ్యురేటర్ కడిగారు, పంపు మార్చారు, లాభం లేకపోయింది. రోజూ అందులో వెళ్లే లలౌ టీచరు బడికి ఆలస్యమవుతోందని, రేపటి నుంచి వేరే టాక్సీ చూసుకుంటానని చెప్పేసి, దిగొచ్చి నా దగ్గర రొట్టె కొనుక్కుంది. ఆవిడంటే సులుఫుకి ప్రాణమని వీధి మొత్తానికి తెలుసు, ఒక్క ఆవిడకి తప్ప. రెండేళ్లుగా చెప్పలేక నాన్చుతున్నాడు పిరికివాడు.

"ఆగినప్పుడల్లా ఏం చేస్తావు తమ్ముడూ?" అంది బకూలి.

"ఏముందక్కా, మూత తీసి పెట్రోలుందో లేదో చూస్తా. ఉంటది. మళ్లీ బిగిస్తా."

"తర్వాత?"

"స్టార్టవుద్ది."

మా టాక్సీలు చాలావాటికి అసలు ట్యాంకు ఎప్పుడో తుప్పుపట్టి పోయింది. డ్రైవరు కాళ్ల దగ్గర పెట్టుకున్న ప్లాస్టిక్ డబ్బాయే ట్యాంకు. బకూలి వంగి చూస్తే సులుఫు డబ్బా పక్కలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. మూత తిప్పగానే అది బుస్సుమని గాలి పీల్చుకుని మామూలుగా అయింది. మూతకి గాలి కోసం ఉన్న చిన్న కన్నంలో ఎవరో కొవ్వొత్తి మైనం కుక్కారు. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి ఎలా వస్తుంది?

ఈ ఘనకార్యం ఎవరిదని బకూలి సులుఫుని నిలదీసింది.

"నేనేనక్కా. పెట్రోలు వాసనకి తలనొప్పి వస్తోందని టీచరుగారు అన్నారు."

బకూలి నవ్వాపుకుంటూ మైనం గుచ్చి తీసింది. కన్నానికి సన్నటి గొట్టం బిగించి, దాన్ని తలుపు పక్కగా పైకి తీసి కారు బయటికి వదిలింది. పావుగంట పని. బడి గంటకి ఇంకా టైముంది.

రొట్టె చేతిలోనే పట్టుకుని లలౌ అంతా విన్నది. వెళ్లి, ఎప్పుడూ కూర్చునే వెనక సీటు వదిలి ముందు తలుపు తీసి కూర్చుంది.

"పదండి. ఇంకేమైనా దాచి ఉంటే కొండెక్కేలోపు చెప్పేయండి."

టాక్సీ ఇంజను ఎక్కడా ఆగలేదట. అయినా టీచరు ఆ రోజు కూడా బడికి ఆలస్యంగానే వెళ్లింది.