ఉంటే తెల్లది, పోతే నల్లది

మొన్న ఆదివారం మా అక్కావాళ్ళింట్లో భోజనాలయ్యాక మా మేనకోడలు ఫోను పట్టుకుని నా పక్కన చేరింది. వాళ్ళ ఆఫీసులో పదిమంది కలిసి ఫోనులోనే బాస్కెట్‌బాల్ జట్లు కట్టుకుంటారట. ఎక్కడో సముద్రాల అవతల ఆడేవాళ్ళని వీళ్ళిక్కడ కూర్చుని వాటాలేసుకుంటారు. "మామయ్యా, నా టీమ్‌లో ఇద్దరు సెంటర్లయిపోయారు. ఒకణ్ణిచ్చేసి మంచి గార్డ్‌ని తెచ్చుకోనా, ఇద్దర్నీ ఉంచుకోనా?" అనడిగింది. నేను నోరు తెరిచేలోపలే, కిటికీ దగ్గర వాలుకుర్చీలో నిద్రపోతున్నాడనుకున్న మా బావ, కళ్ళు తెరవకుండానే "గుండీలు వేయించమ్మా, తేలిపోద్ది" అన్నాడు. "గుండీలేంటి నాన్నా?" అని అది అడుగుతూనే ఉంది, ఆయన మళ్ళీ గుర్రు పెట్టాడు. నిజం గుర్రో, దొంగ గుర్రో ఆ దేవుడికే తెలియాలి. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ మాట ఆయన నోటంట మళ్ళీ వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మాది శ్రీకాకుళం వైపు. అక్కకి పెళ్ళయి మౌలాలి రైల్వే క్వార్టర్సుకి కాపురానికొచ్చాక, ఉద్యోగం వెతుక్కుంటానని నేనూ వెనకాలే వచ్చి వాళ్ళింట్లో పడ్డాను. బావ ఆరడుగుల మూడంగుళాల మనిషి. పెళ్ళి ఫొటోల్లో సగంవాటికి ఆయన తల లేదు, పందిరి గుంజ దగ్గర ఎవరో నిలబడ్డట్టు ఒట్టి పట్టుపంచె ఉంటుంది. క్వార్టర్సు గుమ్మాలు ఆయన కోసం కట్టినవి కావు, అందుకని ఇంట్లో ఎప్పుడూ ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నవాడిలా వంగి నడిచేవాడు. వెన్ను నిటారుగా పెట్టేది వారానికొక్కసారే, ఆదివారం పొద్దున్న కాలనీ గ్రౌండులో. ఆ గ్రౌండులో స్తంభం పాతిందీ, ఇనప రింగు వెల్డింగు చేయించి బిగించిందీ ఆయనే. ఆ రింగు కింద పన్నెండేళ్ళు సెంటర్‌గా ఆడాడు. "ఆ బంతి లేకపోతే మీ బావకి వారమే లేదురా" అనేది అక్క.

మా జట్టులో పదిమంది ఆటగాళ్ళం, పైన మాస్టర్. మాస్టర్ అంటే కోచ్ అనుకునేరు, అదీ నిజమే కానీ అసలు సంగతి ఆయన దర్జీ. నల్గొండ జిల్లా నుంచి చిన్నప్పుడే వచ్చి మౌలాలిలో కొట్టు పెట్టుకున్నాడు, వయసులో బాగా ఆడాడట. సికింద్రాబాద్‌లో ఎవణ్ణి కదిపినా కంప్యూటరు కోర్సు అనే రోజులవి. నెల తిరిగేసరికి జీతాలొచ్చిన కుర్రాళ్ళందరూ రెడీమేడ్ చొక్కాలెగబడి కొంటుంటే మాస్టర్ కొట్టులో బట్టల కంటే గుండీలు ఎక్కువ మిగిలిపోయాయి. వాటినే ఓట్లకి వాడేవాడు. జెర్సీ రంగు మీద ఒకసారి మావాళ్ళు చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళాక పెట్టిన పద్ధతది. ముందు ఎవరి మాట వాళ్ళు అందరి ఎదుటా చెప్పాలి. తరవాత ఒక్కొక్కరికీ ఒక తెల్ల గుండీ, ఒక నల్ల గుండీ ఇస్తాడు. మూతకి గుడ్డ కట్టిన రేకు డబ్బాలో చెయ్యి దూర్చి ఒకటి వదలాలి, రెండోది లెక్క తేలేదాకా పిడికిట్లోనే దాచుకోవాలి. ఎవరి గురించి తగువో వాళ్ళకి కూడా ఓటుంటుంది.

ఆ ఏడు మా జట్టులోకి వరంగల్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు వచ్చాడు. బావ కన్నా రెండంగుళాలు పొడుగు, పదేళ్ళు చిన్న. ఎగిరితే రింగు దులిపి వచ్చేవాడు. దాంతో మాకు సెంటర్లు ఇద్దరయ్యారు, బంతిని ఇవతలి కొస నుంచి అవతలి కొసకి తీసుకుపోయే గార్డ్ మాత్రం సరైనవాడు ఒక్కడూ లేడు. ఆ పని నా నెత్తిన పడింది, నా ఆట సంగతి అడక్కండి. సరిగ్గా అప్పుడే సైనిక్‌పురి జట్టు పెద్దాయన, పాత సుబేదార్, కబురంపాడు. తన దగ్గర ముగ్గురు గార్డులున్నారు, పొడుగువాడు లేడు, మీ పెద్ద సెంటర్ని మాకిచ్చి మా గార్డునొకణ్ణి తీసుకోండని. అచ్చిపుచ్చుకోవడమన్నమాట.

ఆ ఆదివారం మేం బయల్దేరుతుంటే అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, చెంగు పట్టి లాగినట్టు చొక్కా పట్టి లాగి, "ఆయన్ని పంపనివ్వకురా. బయటికి నవ్వుతున్నారు గానీ రెండ్రోజుల్నించీ తిండి సయించట్లేదు" అంది. నా బొందిలో ప్రాణముండగా జరగదన్నాను. అలాంటి మాటలు నాకు భలే తేలిగ్గా వచ్చేవి.

మాస్టర్ కొట్లో కత్తిరించే బల్ల చుట్టూ పదకొండు మందిమీ ఇరుక్కుని కూర్చున్నాం. బావ మూలనున్న స్టూలు మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా. మాస్టర్ సంగతి విప్పాడు. "ఇగో, మనకాడ పొడుగోళ్ళు ఇద్దరైన్రు. ఇద్దర్ని ఒక్కపారి దింపితే రింగు కింద జాగనే లేదు. ఒకన్ని దింపితే ఇంకొకడు కూసోవాలె. బంతి వట్టుకొని ఉరికేటోడు మాత్రం లేకపాయె. జెర ఆలోచన చేసి చెప్పున్రి." అని, వెంటనే "నా మాటైతే అన్న ఉండాలె" అని తనే ముగించాడు. సాఫ్ట్‌వేర్ తమ్ముడు లేచి నిలబడ్డాడు. "నిన్నమొన్న వచ్చినోణ్ణి, పోతే నేనే పోత. అన్న లేకుంటే గీ టీమ్ ఏంది?" బొల్లారం నుంచి వచ్చే బ్యాంకు గుమాస్తా అయితే "అన్నను ఇచ్చుడంటే ఇంటి దర్వాజ ఊడవీకి ఇచ్చినట్టే" అనేశాడు. ఒకరిని మించి ఒకరు. మనిషి ఎదురుగా కూర్చుని వింటుంటే పొమ్మనే మొనగాడెవడు? అందరికంటే పెద్ద ఉపన్యాసం నాది. "ఇదేమైనా కుండమార్పిడి పెళ్ళా, మా పిల్లనిస్తాం మీ పిల్లనివ్వండి అనడానికి? ఆ రింగు బిగించిన చెయ్యెవరిదో మరిచిపోయారా?" అని బల్ల గుద్దాను. చప్పట్లు కొట్టారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని, వస్తున్న నవ్వు ఆపుకోలేక టేపు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ వారంలో ఆయన మొహం అంత వెలగడం నేను చూళ్ళేదు.

"అన్న ఉంటే తెల్లది, పోతే నల్లది" అని మాస్టర్ గుండీలు పంచాడు. డబ్బా తిరిగింది. నేను నల్లది వదిలాను.

ఎందుకంటారా? ఛీ, చెప్పుకుంటే సిగ్గు. బావ చేతికి బంతి వెళితే ఇంక తిరిగి బయటికి రాదు, రింగు కింద తనే తంటాలు పడతాడు, నేను బయట ఖాళీగా నిలబడి చేతులూపుతుంటాను. ఇంతమంది ఇన్ని పొగడ్తలు పొగిడారు, తెల్లవి ఎలాగూ పదుంటాయి, ఒక్క నల్లది పడితే కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని బంతి వదలడం నేర్చుకుంటాడు కదా అనుకున్నాను. అంతే. ఆయన్ని పంపాలని కాదు. దేవుడి మీద ఒట్టు.

మాస్టర్ డబ్బా బోర్లించాడు. గుండీలు టపటపా బల్ల మీద పడ్డాయి. నల్లవి. అన్నీ నల్లవే. మొదట నా కళ్ళని నేనే నమ్మలేదు, తెల్లవి డబ్బా అడుగున అంటుకున్నాయేమోనని వంగి చూశాను. మాస్టర్ డబ్బాని రెండుసార్లు తట్టాడు. "యా అల్లా! ఒక్క తెల్లది సుత లేదేందిరా" అన్నాడు. ఆ పరేషాన్లో ఆయనకొక అనుమానం పుట్టింది, తెల్లవి పంచడమే మరిచిపోయి తలా రెండు నల్లవి ఇచ్చాడేమోనని. ఎంత ఆశగా అన్నాడో ఆ మాట! "పిడికిళ్ళు తెరవున్రి, పిడికిళ్ళు తెరవున్రి" అని తొందరపెట్టాడు. మేమూ అదే నిజమైతే బావుండునని గబగబా తెరిచాం.

పది అరచేతులు. పది తెల్ల గుండీలు. చొక్కా గుండీలు, నాలుగు కన్నాలవి, ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టుంది. తమ్ముడి చేతిలో తెల్లది. బ్యాంకాయన చేతిలో తెల్లది. నా చేతిలో తెల్లది. అడిగిన మాస్టర్ చేతిలోనే తెల్లది. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోలేక అందరం బల్ల మీదకే చూస్తున్నాం. అప్పుడు మూలనుంచి పొడుగాటి చెయ్యొకటి బల్ల మీదకి వచ్చి తెరుచుకుంది. బావ చేతిలోనూ తెల్లదే.

ముందు నవ్వింది బావే. "పన్నెండేళ్ళలో మనం ఒక్క మాట మీద ఎప్పుడైనా ఉన్నామా? ఇదిగో, ఇవాళ ఉన్నాం" అన్నాడు. తరవాత, "మాస్టరూ, సైనిక్‌పురోళ్ళ జెర్సీ ఏ రంగు?" అనడిగాడు. "నీలం" అన్నాడు మాస్టర్, వినీ వినపడనట్టు. "అయితే కొలతలు తీసుకో." బావ భుజాలు అందక మాస్టర్ ఎప్పుడూ స్టూలెక్కేవాడు, ఎక్కిన ప్రతిసారీ అందరం ఆటపట్టించేవాళ్ళం. ఆ రోజు ఎక్కాడు, కొలిచాడు, దిగాడు.

ఇంటికి స్కూటర్ మీద వచ్చాం. బావ నడుపుతున్నాడు, వెనక నేను. ఆయన వీపు తప్ప నాకేమీ కనపడదు. రైల్వే గేటు పడింది, ఇంజను ఆపాడు. గూడ్సు బండి వస్తోంది, ఒక పట్టాన తెమలదు. అప్పుడన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "నల్లది నాదొక్కటే ఉంటాదనుకున్నాన్రా." "అందరూ ఉండమన్నారు కదా. పదీ తెల్లవుండి ఒక్కటి నల్లదుంటే, అది నాదేనని తెలుస్తాది. చూశావా, పోతానన్నా వదల్లేదు వీళ్ళు, అనుకుందామని... వెర్రి ముచ్చట." బండి పెట్టెలు ఒక్కొక్కటే పోతున్నాయి. నేనూ సరిగ్గా అంతే అనుకున్నాను బావా, నాదొక్కటే ఉంటుందనుకున్నాను, నిన్ను పంపడానికి కాదు బావా అని చెప్పడానికి ఎన్ని పెట్టెలు పోయాయో! ఆఖరి పెట్టె కూడా పోయింది. గేటు లేచింది.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమైంది?" అంది, నన్ను చూసి. నేను స్కూటర్‌కి స్టాండు వేస్తూ ఉండిపోయాను. బావ చెప్పులు విప్పుతూ "నేనే పోతానన్నానే" అన్నాడు. "మీకేటైనా మతుందా? వాళ్ళు వద్దంటుంటే మీకెందుకూ అంత గొప్ప!" అని ఆయన్ని ఝాడించి, నావైపు తిరిగి, "పాపం నువ్వెంత మొత్తుకునుంటావో. ఈయన వింటేగా" అంది. పళ్ళెంలో నాకు రెండు పెసరట్లు ఎక్కువేసింది. బావ నావైపు చూడలేదు, అల్లప్పచ్చడి అందుకున్నాడు.

ఆ వచ్చిన గార్డుతో మేం ఏమైనా పొడిచామా అంటే అదీ లేదు, ఎప్పట్లాగే సెమీఫైనల్లో ఓడిపోయాం. బావ సైనిక్‌పురిలో రెండేళ్ళాడి, మోకాలు నొప్పని మానేశాడు. మళ్ళీ మా గ్రౌండు వైపు రాలేదు. ఆ రోజు ఆయన అక్కతో అన్న మాటలో అబద్ధమేమీ లేదు, నల్లది వేశాడు కాబట్టి తనే పోతానన్నట్టు. అది నన్ను కాయడానికన్నాడో, తన పరువు కాచుకోవడానికన్నాడో అడిగే మొహం నాకు లేకపోయింది. అక్క ఇప్పటికీ ఎవరైనా వస్తే "మా తమ్ముడొక్కడే ఆయన కోసం గట్టిగా నిలబడ్డాడు" అని చెబుతుంది. చెప్పినప్పుడల్లా బావ "అవును, బల్ల గుద్దాడు" అంటాడు. కాస్త సమయం చిక్కితే నిజం చెప్పేద్దామనుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ళు చిక్కాయి.