సముద్రం ఇంట్లో లేని రోజు

సముద్రం గురించి నాకు చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదని చాలాకాలం అనుకుంటూ తిరిగాను. అనుకోవడమే కాదు, నలుగురిలో అన్నాను కూడా. నాకు చదువు రాదు. సంతకం పెట్టమంటే నాలుగు గీతలు గీసి, ఇదే నా పేరు అంటాను. బస్సు నంబరును బట్టి ఎక్కుతానే తప్ప అది ఏ ఊరు పోతుందో చదవలేను. అన్నిచోట్లా తలవంచుకుని ఉండే మనిషిని, ఒక్క సముద్రం మాట వస్తే మాత్రం మెడ నిటారుగా లేచేది. పడవల మధ్య పుట్టాను. చేపల తట్ట మోసి మోసి నడినెత్తిన జుట్టు పోగొట్టుకున్నాను. చివరికి మొగుణ్ణి కూడా సముద్రానికే ఇచ్చుకున్నాను. ఇంత ఇచ్చుకున్నదానికి ఒకరు చెప్పేదేమిటి? ఆ పొగరంతా జర్మనీలో ఒక ఆదివారం మధ్యాహ్నం బురదలో దిగబడింది. నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది. ఈ ముక్క దగ్గరే నవ్వడం మొదలెట్టింది. నవ్వనీ.

మా ఆయన బోటు మీద వేటకు వెళ్ళి మళ్ళీ రాలేదు. తుఫాను వెలిశాక బోటు చెక్కలు కొన్ని, ఒక నూనె డ్రమ్ము ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనుషులు రాలేదు. ఏ రోజు పోయారో గంగమ్మ తల్లికే తెలియాలి. అలా పోయినవాళ్ళకు మా పేటలో, బోటు ఎక్కిన రోజునే దినంగా పెట్టుకుంటారు. ఆ రోజు వాళ్ళకు ఇష్టమైనది వండి, విస్తరిలో పెట్టి, అలల్లోకి నడుము లోతు నడిచి వదిలిరావాలి. అది అయ్యేదాకా పెళ్ళాం నోట్లో మెతుకు పడకూడదు. పోయినవాడికి ఏడాది మొత్తానికి అదొక్కటే భోజనం. అది అందకపోతే మళ్ళీ ఏడాది దాకా పస్తే. ఇది పంతులు చెప్పిన మాట కాదు, మా అత్త చెప్పింది. అందుకే ఇంకా గట్టిగా నమ్ముతాను. పంతులు అయితే ఏదో ఒక దారి చూపించేవాడు, మా అత్త దగ్గర దారులు ఉండవు.

అమ్మాయి దగ్గరకు బ్రెమెన్ వచ్చిన కొత్తలో, ఏ నది అయినా చివరికి సముద్రంలోకే కదా అనుకుని వేజర్ నది ఒడ్డుకు వెళ్ళి విస్తరి వదిలాను. అది కాస్త దూరం వెళ్ళింది. ఆగింది. ఆలోచించుకున్నట్టు ఒక చుట్టు తిరిగింది. తర్వాత తాపీగా నా ముందు నుంచే వెనక్కు వచ్చి, ఊరి వైపు వెళ్ళిపోయింది. కుక్కను తిప్పుకుంటున్న ఒక పెద్దాయన విస్తరిని చూశాడు, నన్ను చూశాడు, కుక్కను లాక్కుని పోయాడు. మా అల్లుడు హైదరాబాదు మనిషి, విమానాల కంపెనీలో పని. ఇంటికొచ్చి చెబితే నవ్వు ఆపుకుంటూ అన్నాడు.

“సముద్రం పొంగినప్పుడు ఈడ నది ఉల్టా నడుస్తది అత్తమ్మా. మామయ్యకు పార్సిల్ రిటర్న్ అయింది.”

ఆయన సరదాకే అన్నాడు. నాకు మాత్రం ఆ ఏడాదంతా అన్నం ముద్ద ఎత్తినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. ఇక నదుల్ని నమ్మేది లేదు, మళ్ళీ దినం నాటికి నన్ను అసలు సముద్రం దగ్గరకు తీసుకెళ్ళాలి అని పట్టుబట్టాను. సరే అన్నారు. బయల్దేరే ముందు అల్లుడు ఫోను తీసి, నీళ్ళు ఎప్పుడు ఉంటాయో టైము చూసుకుని పోదాం అన్నాడు.

“సంద్రానికి టైమేటి బాబూ, అదేటి రైలా?” అన్నాను.

ఆటుపోట్లు తెలియక కాదు. మా ఒడ్డున కూడా నీళ్ళు వెనక్కు వెళ్తాయి. వెళ్తే వలలు ఆరేసుకునేంత జాగా వెళ్తాయి. పిలిస్తే పలికేంత దూరంలోనే ఉంటాయి. ఎక్కడైనా అంతే అనుకున్నాను. అల్లుడు మర్యాదస్థుడు, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

వేయించిన కోనాం ముక్కలు, రొయ్యల ఇగురు, అన్నం డబ్బాలో సర్దుకుని బయల్దేరాం. కోనాం అని షాపువాడు అన్నాడు, నేను కాదన్నాను, వేరే చేప దొరక్క కొన్నాను. కారు పచ్చగడ్డి మొలిచిన ఒక ఎత్తైన మట్టికట్ట దగ్గర ఆగింది. కట్ట మీద గొర్రెలు. సముద్రం దగ్గర గొర్రెలేమిటని అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అల్లుడి రెయిన్‌కోటు తొడుక్కుని, అందరికన్నా ముందు కట్ట ఎక్కాను.

అవతల సముద్రం లేదు.

బురద ఉంది. ఆకాశం ఆనుకునేదాకా బూడిదరంగు బురద, అక్కడక్కడా మెరిసే గుంటలు, పక్షులు. అంతే.

“ఏదే సంద్రం?” అన్నాను అమ్మాయితో.

“వెళ్ళిపోయిందమ్మా.”

“ఎక్కడికెళ్ళిపోనాది?”

“లోపలికి. సాయంత్రం చీకటి పడ్డాక గానీ రాదట. అందుకే ఆయన టైము చూద్దామన్నారు, నువ్వేమో...”

“చీకటి పడ్డాక దినం పెట్టీవోల్లుంటారా ఎక్కడైనా?”

“అమ్మా, నీకు షుగర్. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. ఇక్కడే ఎక్కడైనా పెట్టేసి దణ్ణం పెట్టుకో.”

అమ్మాయి భయం నా షుగర్ గురించి. నా భయం రెండో ఏడూ పస్తుండబోయే మనిషి గురించి. కట్ట దిగే చోట ఒక బోర్డు ఉంది, దారి తెలిసినవాళ్ళు వెంట లేకుండా దిగకూడదని. బోర్డు చదవడం నాకు రాదు. చదువుకున్నవాళ్ళిద్దరూ చదివి చెబితే వినడమూ రాదు.

“నాకు సంద్రం దారి సూపించడానికి మనిషా? సంద్రం రాకపోతే నానే ఎల్తాను,” అని బూట్లు విప్పేసి, డబ్బా నెత్తిన పెట్టుకుని దిగాను.

మొదట బాగానే ఉంది. చల్లగా, గట్టిగా, కాలికింద ఇసుక గీతలు. వెనక్కు తిరిగి, చూశారా అన్నట్టు చెయ్యి ఊపాను. ఊపిన ఆ అడుగే చివరి మంచి అడుగు. కుడికాలు పిక్క దాకా పోయింది. దాన్ని తీద్దామని ఎడమకాలి మీద బరువు వేస్తే, అది మోకాలి దాకా పోయింది. ఆ తర్వాత లాగినకొద్దీ కిందికి. చేపలు పట్టే కులంలో పుట్టి, నీళ్ళు లేనిచోట మునిగినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. డబ్బా మాత్రం నెత్తి మీద కదల్లేదు, తట్ట మోసిన నెత్తి కదా, ఆ ఒక్క విద్యే ఆ రోజు నా పరువు కాపాడింది.

అల్లుడు “అత్తమ్మా, కదలకు!” అని అరుస్తూ పరుగెత్తుకొస్తుంటే, ఆయన్ని పక్కకు తోసి ఒక ముసలావిడ దిగింది. నాకన్నా పెద్దదే. పసుపుపచ్చ కోటు, రబ్బరు బూట్లు, చేతిలో పార. వచ్చి నా భుజాలు పట్టుకుని ఏదో గట్టిగా అంది.

“కూర్చోమంటోందమ్మా!” కట్ట మీంచి అమ్మాయి అరిచింది.

“బురదలోనా?”

“బురదలోనే! వెనక్కి ఒరిగి కూర్చో, కాళ్ళు వాటంతటవే వస్తాయట!”

కూర్చున్నాను. ఇష్టంగా దాచుకున్న జరీ అంచు చీరతో, చల్లటి బురదలో చతికిలబడ్డాను. ఆవిడ పారతో కాళ్ళ చుట్టూ తవ్వి, చంకల కింద చేతులు వేసి వల లాగినట్టు లాగింది. లాగుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. తిట్లకు తర్జుమా అక్కర్లేదు. మా అత్త గొంతు విన్నట్టే ఉంది.

ఆవిడ మమ్మల్ని కట్ట వెనక ఒక చిన్న శ్మశానానికి తీసుకెళ్ళింది. అక్కడ కుళాయి, మొక్కలకు నీళ్ళు పోసే ఆకుపచ్చ క్యాన్లు ఉన్నాయి. ఒక క్యాను ఎత్తి నా కాళ్ళ మీద పోసింది. బురద వదులుతుంటే చుట్టూ చూశాను. చిన్న చిన్న రాళ్ళు ఒక వరసలో, ఒక్కో రాతి ముందు ఊదారంగు పూల మొక్క. రాళ్ళ మీద రాతలు లేవు. చదువు రాని నాకే తెలిసింది, అక్కడ చదవడానికి ఏమీ లేదని.

“పేర్లు నేవేటి?” అని అడిగాను.

గేటు దగ్గర పలక మీద ఉన్నది అల్లుడు చదివి చెప్పాడు. ఇప్పటికి రెండు వందల ఏళ్ళ కిందట, చలికాలంలో, ఒక తెరచాపల ఓడ దూరాన ఇసుక దిబ్బకు కొట్టుకుని విరిగిపోయింది. ఏ దేశం ఓడో తెలియదు, పేరున్న చెక్క దొరకలేదు. నీళ్ళు వెనక్కు వెళ్ళాక, ఒడ్డు కనబడుతోంది కదా అని ఓడలో మిగిలినవాళ్ళు దిగి ఈ బురద మీద నడిచి వస్తున్నారట. మంచు కమ్మింది. దారి తప్పారు. ఈ ఊరివాళ్ళు కట్ట మీద నిలబడి గంట కొట్టారట, గంట వైపు రమ్మని. అరుపులు వినబడ్డాయట. అంతలో సముద్రం తిరిగి వచ్చేసింది. తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్ళను ఇక్కడ పెట్టారు.

నా కాళ్ళ మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నేను చెయ్యి ఊపుకుంటూ నడిచిన బురద అదే.

“మరి ఈల్ల పెళ్ళాలు?” అన్నాను.

“అది రాయలే అత్తమ్మా,” అన్నాడు అల్లుడు. ఆయన గొంతులో అప్పుడు సరదా లేదు.

ముసలావిడను అడిగి అమ్మాయి తెలుగులో చెప్పింది. ఈ ఊళ్ళో ఒక్కో ఇల్లు ఒక్కో రాయిని చూసుకుంటుందట. ముత్తవ్వల నాటి నుంచీ అలాగే వస్తోంది. ఈవిడ ఇంటికి వచ్చింది మూడో రాయి. అతనెవరో తెలియదు. “మావాడు” అంటారట.

నేను ఆ మూడో రాయిని చూస్తూ ఉండిపోయాను. మా ఆయన గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు నీళ్ళే కనబడేవి. నీళ్ళ కింద చీకటి. అతను ఎక్కడో ఒక ఒడ్డుకు చేరి ఉండవచ్చని, ఒరిస్సాలోనో బర్మాలోనో ఎవరో ముక్కు మొహం తెలియనివాళ్ళు గొయ్యి తీసి మట్టి వేసి ఉండవచ్చని, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు. సముద్రం గురించి అంతా తెలిసినదాన్ని కదా, ఒడ్డు గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది.

పొద్దు వాలుతోంది. పెడితే ఇక్కడే పెట్టాలి. ఒకరికని వండింది ఇంకొకరికి పెట్టకూడదని మా అత్త మాట చెవిలో గింగురుమంటోంది. డబ్బా మూత తీసి, పెట్టనా వద్దా అని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అంతే, కాపాడినందుకు కానుక అనుకుందో ఏమో, ఆ ముసలావిడ “దాంకె” అని వాళ్ళ భాషలో థాంక్స్ చెప్పి ఒక చేప ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

“ఓలమ్మో!” అన్నాను.

ఆవిడ కూడా దాదాపు అలాంటిదే అంది, కారానికి. మొహం ఎర్రబడింది, కళ్ళ నుంచి నీళ్ళు. కుళాయి దగ్గరకు పరుగెత్తి దోసిలితో తాగింది. తిరిగి వచ్చి, చిత్రంగా, ఇంకో ముక్క తీసుకుంది.

“అమ్మా, చెప్పమంటావా అది నాన్న కోసమని?” అమ్మాయి మెల్లగా అడిగింది.

“నోరు ముయ్యే. తిననీ.”

ఎందుకలా అన్నానో అప్పుడు తెలియదు. పచ్చిగా చెప్పాలంటే, దినం రోజున ఎవరో ఒకరు కన్నీళ్ళు పెట్టుకుని నా వంట తింటుంటే కడుపు చల్లబడింది. విస్తరి ముక్కలుగా చింపి పరిచి, ఆ వరసలో ప్రతి రాయి ముందూ ఇంత అన్నం, ఇంత ఇగురు పెట్టాను. మా ఆయనతో పైకే చెప్పాను: “నీ వాటా ఈల్లకి పెట్టీసినాను. నువ్వక్కడ ఎవులు పెడితే ఆల్ల సేతిది తిను. ఎతుక్కుంటా రాకు.” అల్లుడు మొహం అటు తిప్పుకున్నాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, ఆ ముసలావిడ సంచిలోంచి తీసిన రొట్టెముక్కతో నేను ఉపవాసం విడిచాను.

వరసలో చివరి రాయి ముందు మొక్క లేదు, గడ్డి మొలిచిపోయింది. అడిగితే, దాన్ని చూసుకునే ఇంటివాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయారని చెప్పింది.

“అయితే అది నాకిచ్చీమని సెప్పు,” అన్నాను.

అమ్మాయి చెప్పింది. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. బురద ఎండి చీర అట్టకట్టుకుపోయి ఉన్నాను. షరతులు పెట్టింది: ఎండాకాలం నీళ్ళు పోయాలి, ప్లాస్టిక్ పూలు పెట్టకూడదు, అన్నం పెడితే పక్షులు చేరకముందే తీసెయ్యాలి, ఇంకెప్పుడూ ఒంటరిగా బురదలోకి దిగకూడదు. చివరి షరతు రెండుసార్లు చెప్పింది. ఒప్పుకున్నాను.

ఇప్పుడు వీలైనప్పుడల్లా వెళ్తున్నాం. ముసలావిడ దూరం నుంచే “మొయిన్” అని పలకరిస్తుంది, నేనూ “మొయిన్” అంటాను, అక్కడితో మా ఇద్దరి కబుర్లు అయిపోతాయి. నావాడి రాతి దగ్గర కూర్చుని గడ్డి పీకుతాను. మొన్న దినానికి పులుసు పెట్టి, అతనితో కాసేపు మాట్లాడాను. ఎవరి మొగుడో తెలియదు, నా పెళ్ళి నాటికి అతను పోయి ఎన్ని తరాలయిందో. నేను నీకు పెడుతున్నట్టే ఎక్కడో ఎవతో ఒకతి మా ఆయనకు పెడుతూ ఉంటుంది కదయ్యా అన్నాను. అన్నాక చెయ్యి ఆగిపోయింది. ఆ పెట్టేదాని పులుసు నా పులుసుకన్నా బాగుంటుందేమో. మా ఆయనకు ఇంటి పులుసు మీద ఎప్పుడూ ఒక వంక ఉండేది, పక్కింటి పులుసు మీద ఎప్పుడూ ఉండేది కాదు. ఇన్నేళ్ళ తర్వాత, ఊరుగాని ఊళ్ళో, పేరులేని రాయి ముందు కూర్చుని, మొగుడి మీద మళ్ళీ అనుమానం పుట్టింది నాకు. ఒళ్ళు మండింది. ఆ మంటలో మిగిలిన గడ్డి కూడా పీకేశాను.