సీటు జరపని దొంగ

మా మడత మాస్టారు ఎవరి కారెక్కినా సీటు జరపరు. అద్దం తిప్పరు. రేడియో మీద చెయ్యి వెయ్యరు. కారు యజమాని అయిదడుగుల లోపు మనిషైనా సరే, ఆరడుగుల రెండంగుళాల ఈయన ఆ కాస్త సందులోనే ముడుచుకుని, మోకాళ్లు చెవుల దాకా తెచ్చుకుని, రెండింటి మధ్యా స్టీరింగ్ ఇరికించుకుని బండి నడుపుతారు. అందుకే ఆ పేరు. ఎందుకండీ ఈ యాతన అంటే ఒకటే మాట: "ఎవరి సీటు వాళ్లది బాబూ."

ఇలాంటి మనిషి చేత కార్ల దొంగ వేషం వేయించిన ఘనత మాది.

మేం తీసింది కార్లు కొట్టేసే ముఠా కథ. సినిమా నిండా ఛేజింగులే. చేతిలో ఉన్నవి మాత్రం మూడు కార్లు, అవీ అడుక్కొచ్చినవి. ఒకటి డైరెక్టర్ బావమరిదిది, ఒకటి కెమెరామన్‌ది, మూడోది మా పిన్నిది. నంబరు ప్లేట్లు మార్చి మార్చి వాటినే ముప్ఫై కార్లుగా చూపించాం. స్టంట్ డ్రైవర్‌ని పెట్టుకునే తాహతు లేదు. హీరోకి లైసెన్సే లేదు. అందుకని అసిస్టెంట్ డైరెక్టర్‌నైన నేను, మా పిన్నికి డ్రైవింగ్ నేర్పే మాస్టారిని బతిమాలి పట్టుకొచ్చాను. వేషమూ ఆయనదే, డ్రైవింగూ ఆయనదే. ఇంతకంటే ఏం కావాలి?

మొదటిరోజు షాటు. మాస్టారు కారు తలుపు తీసి రయ్యిమని ఉడాయించాలి. తలుపు తీశారు. ముడుచుకోవడం మొదలుపెట్టారు. నిమిషన్నర గడిచింది.

"కట్! మాస్టారూ, మీరు దొంగ! వెనక పోలీసులొస్తున్నారు! ఇంత తీరిగ్గా ఎక్కుతారేంటి?" అని అరిచాడు డైరెక్టర్.

"నేను ఎప్పుడో ఎక్కేశానండి. మోకాళ్లే ఇంకా రాలేదు."

"సీటు వెనక్కి జరపండి!"

"అది వాళ్ల సీటండి."

"కారునే ఎత్తుకుపోతున్నారు కదయ్యా! సీటు దగ్గర ఇంత నీతేంటి?"

"కారు సినిమాలో ఎత్తుకుపోతున్నానండి. సీటు నిజంగా జరుగుతుంది కదా," అన్నారు మాస్టారు శాంతంగా. డైరెక్టర్ తల పట్టుకుని నీడలోకి వెళ్లి కూర్చున్నాడు.

బావమరిది కారుతో ఇంకో తంటా. అతగాడు మీసం దువ్వుకోవడానికి అద్దాన్ని తన మొహానికే తిప్పి పెట్టుకున్నాడు. మాస్టారు దాన్ని ముట్టుకోరాయె. నేను వెనక సీటు కింద బోర్లా పడుకుని, అప్పుడప్పుడు తల ఎత్తి చూసి చెప్పాలి.

"వెనక పోలీసులున్నారా బాబూ?"

"ఉన్నారు మాస్టారూ!"

"దగ్గరగానా?"

"టీ బండి దగ్గర ఆగారు మాస్టారూ!"

"అయ్యో, అయితే కాస్త నెమ్మదిగా పోదాం. పాపం, మనల్ని అందుకోవాలి కదా."

ఇలా కిందా మీదా పడి ఆఖరి ఛేజింగు దాకా వచ్చాం. దానికి పిన్ని కారు కావాలి.

మా పిన్ని నాలుగడుగుల పదంగుళాల మనిషి. సీటుని స్టీరింగ్‌కి అంటించినంత పని చేస్తుంది. ఏభై దాటాక డ్రైవింగ్ మొదలుపెట్టి, లైసెన్సు పరీక్ష నాలుగుసార్లు తప్పింది. మొదటిసారి ఇండికేటర్ బదులు వైపర్ వేసింది. రెండోసారి వెనక్కి పోనిస్తూ గుర్తుకర్రలన్నీ పడగొట్టింది. మూడోసారి, కళ్లు మూసుకుని కూర్చున్నాడని పక్కనున్న ఇన్‌స్పెక్టర్‌కే క్లాసు పీకింది. నాలుగోసారి బ్రేకు కాలికందక ఆఫీసు గోడని గుద్దింది. అయిదో పరీక్ష రేపు పొద్దున్నే.

"ఇదీ పోతే కారు అమ్మేస్తానురా. మీ బాబాయికి తీరికైనప్పుడు స్కూటర్ వెనకాల కూర్చుని బయటికెళ్లడం, లేకపోతే ఇంట్లో పడుండడం. అంతే నా బతుకు," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తాళాలిస్తూ మాస్టారికి వేలు చూపించింది. "సాయంత్రానికి కారు ఇంట్లో ఉండాలి. కిందటిసారిలా సీటు జరిపారో, నేను మంచిదాన్ని కాను!"

"జరపనమ్మా," అన్నారు మాస్టారు తలొంచుకుని. మూడు నెలలుగా ఇదే తంతు. నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఆఖరి షాటు. ఎండ వాలిపోతోంది. పోలీసులు తరుముతుంటే దొంగ మొహంలో భయం కనిపించాలి. కెమెరాలో మాత్రం రెండు మోకాళ్లు కనిపిస్తున్నాయి.

"జరుపుతారా, దిగుతారా?" అన్నాడు డైరెక్టర్ పళ్లు కొరుకుతూ.

మాస్టారు మడతలు విప్పుకుని దిగడం మొదలుపెట్టారు.

నేను పరిగెత్తాను. "మాస్టారూ, షాటయ్యాక మళ్లీ ముందుకి లాగేద్దాం. పిన్నికేం తెలుస్తుంది?"

"ఆవిడకి తెలీదు బాబూ. ఆవిడ కాలికి తెలుస్తుంది."

ఆయన చాదస్తానికి నాకు ఒళ్లు మండింది. "తప్పుకోండి, నేనే నడుపుతాను," అని ఎక్కబోతూ సీటు కిందికి చెయ్యి పోనిచ్చాను. మాస్టారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఈసారి వద్దు బాబూ."

"ఈసారేంటి?"

ఆయన గొంతు తగ్గించారు. "కిందటి పరీక్షకి ముందురోజు కారు తీసుకెళ్లింది నువ్వేగా. సీటు వెనక్కి తోసి అలాగే వదిలేశావు. పొద్దున ఇన్‌స్పెక్టర్ తొందర పెడుతుంటే, జరుపుకోవడం చేతకాక ఆవిడ అంచున కూర్చుని నడిపారు. ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నాను, భయపడేవాళ్లకి అలవాటైన సీటే సగం ధైర్యం."

నిజమే. లైట్లు తేవడానికి తీసుకెళ్లింది నేనే.

"మరి పిన్ని మిమ్మల్ని తిడుతోందేంటి?"

"నేనే జరిపానని చెప్పాను. నా మీద కోపమైతే రోజూ క్లాసులో తిట్టి తీర్చుకుంటారు. అక్క కొడుకు మీదైతే కక్కనూ లేరు, మింగనూ లేరు."

సిగ్గుతో చచ్చినంత పనైంది. తిన్నగా డైరెక్టర్ దగ్గరికెళ్లి, "సీటు జరగదు. జరిపితే నేను మానేస్తాను," అన్నాను.

"నువ్వు ఉన్నా ఒకటే, మానేసినా ఒకటే!" అన్నాడాయన. కానీ వెలుతురు ఆగదు కదా. కెమెరామన్ విసుక్కుంటూ కెమెరాని ముందు అద్దానికి ఆనించి, మోకాళ్ల సందులోంచి మొహం తీశాడు. చెమటలు కారుతూ, గుడ్లు బయటికొచ్చి, ఊపిరాడని మొహం. సినిమా విడుదలయ్యాక అందరూ ఆ షాటునే పొగిడారు. భయాన్ని అంత బాగా పలికించిన దొంగని చూడలేదన్నారు.

మర్నాడు పొద్దున లైసెన్సు ఆఫీసు బయట నేను గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. పిన్ని కాగితం ఊపుకుంటూ వచ్చింది. పాసైంది! మెడ చుట్టూ చేతులేసి గంతులేసింది. నేనింక ఆగలేకపోయాను.

"పిన్నీ, కిందటిసారి సీటు జరిపింది మాస్టారు కాదు. నేను."

"తెలుసులేరా."

"ఎలా తెలుసు?"

"సీటు వెనక్కి జరిపానని ప్రపంచంలో ఎవరు చెప్పినా నమ్ముతాను. ఆయన చెబితే ఎలా నమ్మనురా?"

"మరి మూడు నెలలు ఎందుకు తిట్టావు?"

"నిన్ను కాపాడాలని అంత ముచ్చటపడి అబద్ధం చెప్పాడు. తిట్టకపోతే పాపం, నమ్మలేదని బాధపడడూ?"

ఇంతలో మాస్టారు రోడ్డు దాటి రొప్పుతూ వచ్చారు. "పాసయ్యారా అమ్మా?"

పిన్ని నాకు కన్ను గీటి, ఆయన వైపు తిరిగి నడుం మీద చేతులేసుకుంది. "మీరు సీటు ముట్టుకోకపోతే ఎందుకు పాసవనూ!"

"తప్పయిందమ్మా, ఇంకెప్పుడూ జరపను," అన్నారు మాస్టారు, మొహం చింకి చేటంత చేసుకుని.