నానమ్మ మోకాలికి కరెంటు పెట్టిన రోజులు

నానమ్మ మోకాలి ఆపరేషన్ చేయించుకుని హైదరాబాద్ నుంచి వచ్చాక, రోజుకు రెండుసార్లు మా ఇంట్లో అందరం ఆమెకు దూరంగా జరిగి నిలబడేవాళ్లం. పొద్దున రొట్టెలు తిన్నాక ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. ఆ రెండు వేళల్లో ఆమె కాలికి కరెంటు మిషిన్ పెట్టేవాళ్లం.

మిషిన్ అంటే పెద్దదేమీ కాదు. అరచేతిలో పట్టే డబ్బా. దానికి రెండు వైర్లు, ఒక్కో వైరు చివర రెండు జిగురు ప్యాడ్లు. ఆ నాలుగింటినీ మోకాలి చుట్టూ, కుట్ల గీతకు తగలకుండా అంటించాలి. డబ్బా మీది చక్రం మెల్లగా తిప్పితే చర్మం కింద చీమలు పాకినట్టు జుమ్మంటుంది. ఆ జుమ్మనడంలో నొప్పి కాస్త వెనక్కి తగ్గుతుంది. తగ్గినప్పుడే మోకాలు వంచే ఎక్సర్‌సైజులు చేయించాలి.

దాన్ని మాకు వాడుకోవడానికి ఇచ్చింది మా వీధి చివర ఫిజియోథెరపీ క్లినిక్ నడిపే మేడం. నాకంటే ఐదారేళ్లు పెద్దది. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. మాతో మాట్లాడే తెలుగు మాత్రం నాకంటే గడగడా వస్తుంది. నానమ్మను మొదటి రోజు నుంచే దాదీ అని పిలిచింది.

"దాదీ, కాలు గడపకు కొట్టుకుంటె ఏం జేస్తవ్?" అని అడిగింది.

"ఏం జేస్త, సచ్చిపోయిన మా ముసలోన్ని తిడ్త. గడప గంత ఎత్తు పెట్టించింది ఆయననే."

"తిట్టినంక?"

"రుద్దుకుంట."

"గదే. రుద్దుకుంటె జర తగ్గినట్టు ఉంటది కదా. గీ డబ్బా గూడ గంతే, పైనుంచి నరాలను రుద్దుతది. పుండు మానిపియ్యదు. నొప్పిని జర పక్కకు జరుపుతది. నువ్వు గప్పుడు కాలు వంచాలె."

"రుద్దనీకి మిషినెందుకు బిడ్డా? మా పొల్లకు చేతుల్లేవా?" అంటూ నానమ్మ నా వైపు చూసింది. నేను నవ్వి తల వంచుకున్నాను.

నానమ్మకు కావలసింది ఒక్కటే. కల్హేర్ సంతకు పోవాలి. ఆమె చెల్లెలిది కల్హేర్. వారం వారం సంతలో ఇద్దరూ కలిసేవాళ్లు. ఒకరికొకరు మిర్చి బజ్జీలు కొనిపెట్టుకుని, ఆ పక్కనే ఏదో ఒక పాత సంగతి మీద కొట్లాడుకుని, మళ్లీ వారానికి ఒప్పందం చేసుకుని విడిపోయేవాళ్లు. కల్హేర్‌కు పోవాలంటే షేర్ ఆటో ఎక్కాలి. ఆటోలో కూర్చోవాలంటే మోకాలు వంగాలి. ఇంటికి వచ్చిన రోజు ఆమె మోకాలు కర్రలా చాపుకునే ఉంది.

ఇక మేము దూరంగా ఎందుకు నిలబడేవాళ్లమో చెప్పాలి. మా నాన్నను మేము బాపూ అని పిలుస్తాం. ఆయన వ్యవసాయదారుడు. చేను దగ్గర బోరు మోటరు స్టార్టర్ నొక్కే ముందు చెప్పులు పొడిగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకునే మనిషి. నేను పుట్టకముందు ఒక వానాకాలం, గట్టు మీది కరెంటు స్తంభానికి కట్టిన తీగ తగిలి మా ఎద్దు చనిపోయింది. అది కింద పడి కొట్టుకుంటుంటే నానమ్మ దాని వైపు పరిగెత్తిందట. తాత ఆమె నడుము పట్టి వెనక్కి గుంజాడట. కరెంటు పట్టిన ప్రాణిని ముట్టుకోవద్దు, ఎండిన కర్రతో కొట్టి విడిపించాలి. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు ఇది నేర్పిస్తారు.

అందుకని బాపు మిషిన్ వచ్చిన రోజే ఏర్పాట్లన్నీ చేశాడు. ఇనుప మంచం తీసి కట్టె నవారు మంచం వేయించాడు. నానమ్మ బాగున్న కాలికి రబ్బరు చెప్పు తొడిగించాడు. తలాపున ఎండిన వెదురు కర్ర ఒకటి నిలబెట్టాడు. "మిషిన్ నడుస్తున్నంత సేపు ఎవ్వలు దగ్గరికి పోవద్దు, ముట్టుకోవద్దు" అన్నాడు. అమ్మ సరేనంది. నేనూ సరేనన్నాను.

మిషిన్ నడపడం నా పని అయింది. దాంతో వచ్చిన చిన్న పుస్తకం ఇంగ్లీషులో ఉంది. డిగ్రీ అయిపోయి, బీఎడ్ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే. ప్యాడ్లు అంటించేదాన్ని, చక్రం తిప్పి డబ్బాను మంచం మీద పెట్టి గబగబా గుమ్మం దాకా వచ్చేసేదాన్ని. అమ్మ వంటింటి తలుపు దగ్గర, బాపు ఇంట్లో ఉంటే ఆయన వాకిట్లో. నానమ్మ ఒక్కతే గది మధ్యలో, మంచం మీద.

ఐదు నిమిషాలు కాకముందే, "అయింది, బంద్ చెయ్" అనేది.

"ఇరవై నిమిషాలు పెట్టమన్నది మేడం."

"అయింది అన్న కదా. ఎన్ని నిమిషాలని నీ గడియారానికి ఎరుకా, నా కాలుకు ఎరుకా?"

బంద్ చేసేదాన్ని. తర్వాత ఎక్సర్‌సైజు మొదలుపెడితే, మడమను పరుపు మీద వెనక్కి జరిపేసరికి ఆమె మొహం ముడుచుకుపోయేది. నాలుగుసార్లు జరిపి వదిలేసేది.

మూడో రోజు మధ్యాహ్నం ఆ పుస్తకం మొత్తం చదివాను. నాకు ఏది దొరికినా చివరి అట్ట దాకా చదివే అలవాటు. డబ్బా వెనక మూత తీస్తే చదరపు బ్యాటరీ ఒకటి ఉంటుందని అందులో బొమ్మతో సహా ఉంది. గోడలో కరెంటుతో దానికి సంబంధమే లేదు. గుండెలో మిషిన్ ఉన్నవాళ్లకు పెట్టకూడదు, మెడ ముందు పెట్టకూడదు, పుండు మీద పెట్టకూడదు అని చాలా జాగ్రత్తలు రాశారు. పక్కన మనిషి ముట్టుకోకూడదని ఎక్కడా లేదు. ఆ రోజు నా డైరీలో "బ్యాటరీయే. ముట్టుకోవచ్చు" అని రాసి మూసేశాను.

ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అడిగితే సరైన జవాబు లేదు. బాపు అంత జాగ్రత్తగా కర్ర వెతికి తెచ్చి పెట్టాడు. అది అవసరం లేదని నేను అంటే ఆయన మొహం ఎలా మారుతుందో అని ఒకటి. నలుగురి మధ్యలో నోరు తెరవడమే నాకు పెద్ద పని, అది రెండోది. మూడు నాలుగు రోజులు గడిచేసరికి, ఇప్పుడు చెబితే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటారని ఇంకో భయం వచ్చి చేరింది.

ఆ సోమవారం మేడం వచ్చి మోకాలు కొలిచింది. స్కూల్లో వాడే కోణమానినికి రెండు పొడుగు చేతులు మొలిచినట్టుండే ప్లాస్టిక్ స్కేలు అది. మోకాలి పక్కన పెట్టి చూసి, "అరవై ఐదు డిగ్రీలు" అంది. నవ్వలేదు.

"దాదీ, గిట్ల అయితె కాదు. వచ్చే సోమవారం వరకు ఎనభై దాటాలె. లేకుంటె ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే పంపుత. గాయన మత్తు ఇచ్చి వంచుతడేమో."

"మల్లా బేహోష్ చేస్తరా?"

మేడం తలూపింది. నానమ్మ చీర అంచును మోకాలి మీదికి లాక్కుంది. ఆపరేషన్ రోజు మత్తు దిగాక చాలాసేపు ఆమె మమ్మల్ని ఎవరినీ గుర్తుపట్టలేదు. ఎప్పుడో పోయిన వాళ్లమ్మను పిలుస్తూ ఏడ్చింది. తర్వాత ఆ సంగతి అమ్మ చెబితే సిగ్గుపడి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆమె భయం కత్తికి కాదు, ఆ మత్తుకే.

మర్నాడు సాయంత్రం మామూలుగానే ప్యాడ్లు అంటించి, చక్రం తిప్పి గుమ్మం దగ్గరికి వచ్చాను. బాపు అప్పుడే చేను నుంచి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. అమ్మ ఇంటి వెనక గిన్నెలు తోముతోంది.

"చాలు. బంద్ చెయ్."

"నాలుగు నిమిషాలే అయింది నానమ్మా. వంచకుంటె మేడం పంపుతది మల్లా. నొప్పి లేస్తుందా?"

"నొప్పి ఏడిది? జుమ్మంటుంది, మంచిగనే ఉంది."

"మరెందుకు?"

ఆమె గోడ వైపు తిరిగింది. అటు తిరిగే అంది: "మీరంత గట్ల దర్వాజల కాడ నిలవడి సూస్తుంటె నాకు మా ఎద్దు యాదికొస్తది. అది గూడ గట్లనే సూసింది మా దిక్కు. ఒక్కలం దగ్గరికి పోలే."

నా కాళ్లు ఎలా కదిలాయో తెలియదు. వెళ్లి మంచం మీద ఆమె పక్కన కూర్చుని, మోకాలి కింద ప్యాడ్లు లేని చోట చెయ్యి వేశాను. చర్మం పొడిబారి గరుకుగా ఉంది. నా చేతికి ఏమీ తెలియలేదు, వేడి తప్ప.

నానమ్మ ఉలిక్కిపడింది. "దూరం జరుగు పొల్లా! పాణం పోతది!"

"పోదు నానమ్మా."

"పోతదంటున్న కదా! జరుగు!"

ఆ కేకకు బాపు తడి కాళ్లతోనే లోపలికి ఉరికి వచ్చాడు. తలాపున ఉన్న కర్ర తీసుకుని రెండు చేతులతో పైకి ఎత్తాడు. "ఏయ్, చెయ్యి తియ్యి!" ఆ కర్ర నా చేతి మీదికా, డబ్బా మీదికా, వాళ్లమ్మ మీదికా అన్నది నేను ఇప్పటికీ అడగలేదు.

"బ్యాటరీ బాపూ!" అని అరిచాను. మా ఇంట్లో నా గొంతు అంత పెద్దగా వినపడటం అదే మొదటిసారి అనుకుంటాను. "కరెంటు కాదు, బ్యాటరీ. ముట్టుకుంటె ఏం గాదు. మూడో రోజే చదివిన నేను."

కర్ర అలాగే గాలిలో ఆగింది. "మూడో రోజే ఎరుకైతె ఎందుకు చెప్పలే?"

నానమ్మే అందుకుంది. "అది నోరు తెరిస్తె ముత్యాలు రాలుతయ్ కదా. మన ఇంట్ల దొంగల భయం, దాసుకున్నది." అన్నాక మళ్లీ నా చెయ్యి వైపు చూసింది. "నీకు నిజంగనే ఏం గాలేదా?"

"ఏం గాలే."

బాపు కర్ర గోడకు ఆనించాడు. డబ్బా బంద్ చేయించి, వెనక మూత తీసి, బ్యాటరీని బయటికి లాగి అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్లీ పెట్టి, "ఇగ నడిపియ్" అన్నాడు. నేను చక్రం తిప్పాను. అప్పుడు ఆయన వంగి, చెయ్యి మలిచి, వేళ్ల వెనక వైపుతో వాళ్లమ్మ కాలి బొటనవేలిని తాకాడు. మోటరు దగ్గర కరెంటు ఉందో లేదో తెలియని చోట ఆయన అలాగే తాకుతాడు. కరెంటు ఉంటే చెయ్యి పట్టుకుపోకుండా విసిరేస్తుందని. ఒకసారి తాకి తీశాడు. రెండోసారి తాకాడు. మూడోసారి చెయ్యి తిప్పి, పాదం మొత్తం పట్టుకుని మంచం చివర కూర్చుండిపోయాడు.

"సల్లగున్నయ్ కొడుకా నీ చేతులు" అంది నానమ్మ. తీయమని మాత్రం అనలేదు.

గిన్నెలు తీసుకుని లోపలికి వచ్చిన అమ్మ మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంది, ముగ్గురు మంచమెక్కిన్రు? నవారు తెగుతె ఎవలు అల్లుతరు?" అంది. జరిగింది చెబితే నన్ను ఒకసారి, బాపును ఒకసారి చూసి, తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని తనూ వచ్చి ముట్టుకుని చూసింది. ఇరవై నిమిషాలు ఎప్పుడు అయ్యాయో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం మడమ వెనక్కి జరపడం పన్నెండుసార్లు అయింది. బాపు అరచేతి మీద మడమ పెట్టుకుని, "ఇంకొంచెం అమ్మా, ఇంకొంచెం" అంటూ జరిపాడు. నానమ్మ అరిచింది, తిట్టింది, ఆపమని మాత్రం అనలేదు.

ఆ వారమంతా మిషిన్ వేళకు అమ్మ కూరగాయలు తెచ్చుకుని మంచం మీదే కోసేది. నేను లైబ్రరీ పుస్తకం తెచ్చుకుని పక్కన కూర్చునేదాన్ని. "లోపల్లోపల ఏం సదువుతున్నవ్? బయటికి సదువు, నేను గూడ ఇంట" అంది నానమ్మ రెండో రోజు. బయటికి చదవడం నాకు రాదు. రెండు లైన్లకోసారి తడబడ్డాను. ఆమె అది పట్టించుకోలేదు. కథలో ఎక్కడైనా చేను వస్తే మాత్రం ఆపేది. "గా నెలల కంది ఇత్తుతరా ఎవలన్న? రాసినోడు చేను మొకం సూడలే." ఒక పేజీ దాటడానికి మిషిన్ పెట్టిన ఇరవై నిమిషాలూ పట్టేవి. నాకు అంత నెమ్మదిగా ఏ పుస్తకమూ నడవలేదు, అంత ఇష్టంగానూ.

సోమవారం మేడం వచ్చి స్కేలు పెట్టింది. అందరం చుట్టూ వంగి చూశాం.

"ఎనభై మూడు."

"పాసా?" అంది నానమ్మ.

"పాస్ దాదీ. ఫస్ట్ క్లాసు రావాలంటె తొంభై దాటాలె. ఏం జేసిన్రు ఈ వారం?"

కర్ర సంగతి బాపే తలవంచుకుని చెప్పాడు. మేడం నోరు తెరిచింది. "మొదటి రోజు మిషిన్ నడుస్తుంటె నేను దాదీ కాలు పట్టుకున్న కదా, సూడలేదా మీరు?"

"సూసినం మేడం. మీ కాళ్లకు సాక్సులున్నయ్ కదా అనుకున్నం."

ఆమె నవ్వి నవ్వి మంచం అంచు మీద కూర్చుండిపోయింది. నవ్వు ఆగాక నా వైపు తిరిగి, మిషిన్ చేసేది కొంచెమే, ఆ కాస్త సందులో రోజూ వంచినవాళ్లదే అసలు పని అని చెప్పింది. వెదురు కర్రను మాత్రం ఫోటో తీసుకుని పోయింది.

తొంభై దాటడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది. మిషిన్ తిరిగి ఇచ్చేశాం. మేడం సరేనన్న వారమే నానమ్మ, నేను కల్హేర్ సంతకు బయలుదేరాం. బాపు ఆటో ముందు నిలబడి, వాళ్లమ్మ కాలు లోపలికి పెట్టుకునేదాకా కదల్లేదు. నానమ్మ ముందు చేతికర్ర లోపల పెట్టింది, తర్వాత బాగున్న కాలు, ఆ తర్వాత కొత్త మోకాలు. వంగింది. కూర్చుంది.

ఆపరేషన్‌కు ముందు షేర్ ఆటో అంటే ఆమె రెండు మోచేతులూ బయటికి పెట్టి, అటువాళ్లను ఇటువాళ్లను తిట్టి చోటు చేసుకునేది. ఆ రోజు దారిలో ఇద్దరు ఆడవాళ్లు సంచులతో ఎక్కారు. ఒకామె నానమ్మ మోకాలికి ఆనుకుని కూర్చుంది. నలుగురి మధ్యలో నోరు తెరవాలి. అయినా అడిగాను.

"అక్కా, జర జరుగుండ్రి. మా నానమ్మ కాలుకు ఆపరేషన్ అయింది."

ఆమె జరగబోయింది. నానమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"కూసో బిడ్డా, కూసో. తగలనీ" అంది. తర్వాత నా మీదికి ఒరిగి, "మా పొల్ల గట్లనే, ఎప్పుడో ఒక్కసారి మాట్లాడుతది" అని ఆటో అంతటికీ వినపడేలా చెప్పింది.